మేడ మీద తేనెపెట్టె పెట్టొచ్చా? బరంపురం, పర్లాకిమిడి వైపు ఎవరైనా పెంచుతున్నారా?

మేడమీద_మల్లె (బరంపురం) – 18 జూన్ 2023

అందరికీ నమస్కారం. మాది బరంపురం. మేడ మీద ముప్పై దాకా కుండీలు ఉన్నాయి. గుమ్మడికీ దోసకీ పువ్వు బాగానే వస్తోంది కానీ పిందె నిలవడం లేదు. పొద్దున్నే లేచి మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి అద్దుతున్నాను. మా ఆయనేమో "ఈ పని ఈగలు చేస్తాయి కదా, నీకెందుకు" అన్నారు. అప్పట్నుంచీ తేనెటీగల పిచ్చి పట్టుకుంది.

ఫోన్లో ఒక ప్రకటన చూశాను. ఒక పెట్టెకి ఏడాదికి ఇరవై కిలోల తేనె అంటున్నారు. రెండు పెట్టెలు ఈగలతో సహా ఇంటికి పంపిస్తారట. కొనేయనా? మా అత్తగారికి భయం. పక్కింటి ఒడియా మావుసీకి ఇంకా భయం. ఎవరైనా ఇంట్లో పెంచిన అనుభవం ఉంటే చెప్పండి.

కుట్టించుకున్నోడు (రాయగడ) – 18 జూన్ 2023

కొనండి. ఆ తర్వాత నా పేరు మీరూ పెట్టుకోవచ్చు.

వంశధార_గట్టు (గుణుపురం) – 19 జూన్ 2023

అమ్మా, డబ్బు కట్టకండి. ఆగండి.

ఇరవై కిలోలన్నారంటే వాళ్ళు అమ్మేది ఇటాలియన్ ఈగ, అంటే మెల్లిఫెరా. అది ఎక్కువ తేనె ఇచ్చే మాట నిజమే. కానీ పువ్వు ఎక్కడుంటే అక్కడికి లారీలో పెట్టెలు తిప్పేవాళ్ళకి అది పనికొస్తుంది. ఒకచోట, ఊరి మధ్య, మేడ మీద పెట్టి కూర్చుంటే సగం ఏడాది పంచదార పాకం మనమే పోయాలి. పైగా దానికి వరోవా అనే పేను పడుతుంది. నిజానికి ఆ పేను పుట్టింది మన నాటు ఈగ మీదే. మన ఈగ దాన్ని ఒంటి మీంచి దులిపి కొరికి పారేస్తుంది, ఇటాలియన్‌కి ఆ తెలివి తక్కువ.

ఇంటికి సరిపోయేది మన పుట్టతేనె ఈగ. మా వైపు తొర్రతేనె అంటారు. చెట్టు తొర్రలో, పుట్టలో, పాత గోడ కన్నంలో చీకట్లో ఏడెనిమిది పెరలు, అంటే మైనపు గదుల పలకలు, పక్కపక్కనే పెట్టుకుంటుంది. అది చీకటికి అలవాటు పడింది కాబట్టే పెట్టెలో ఉంటుంది. తేనె మాత్రం ఏడాదికి మూడు నాలుగు కిలోలు వస్తే మంచి సంవత్సరం అనుకోవాలి. కొత్తవాళ్ళకి మొదటి ఏడు సున్నా.

ఇంకో మాట. ఇది జూన్. ఇప్పుడు ఈగలు తెస్తే వానల్లో ఆకలితో పోతాయి. ముందు చెప్పండి, మీ మేడకి కిలోమీటరు చుట్టూ ఏ చెట్లున్నాయి?

మేడమీద_మల్లె – 19 జూన్ 2023

చెట్లు లెక్కపెట్టాలా! సరే, సాయంత్రం మా ఆయనా నేనూ స్కూటర్ మీద తిరిగొచ్చాం. కొబ్బరి చాలా ఉన్నాయి. వేప ఇంటింటికీ. మునగ ఏడెనిమిది కనిపించాయి. రోడ్డు వారన కానుగలు. రైలు కట్ట పక్కన చింతలు, నేరేళ్ళు. ఒక బడి గోడ మీద గులాబీరంగు తీగ, పేరు తెలియదు, దాని నిండా ఈగలే.

పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి) – 20 జూన్ 2023

ఆ గులాబీరంగు తీగ యాంటిగోనాన్ అయి ఉంటుంది. దాని కొమ్మ ఒకటి తెచ్చి మీ పిట్టగోడ దగ్గర నాటండి. నీళ్ళు పోసినా పోయకపోయినా బతుకుతుంది, నెలల తరబడి పూస్తుంది.

నేను రిటైర్ అయ్యాక పెరట్లో ఈగల్ని పెట్టాను. నా అనుభవంలో పెట్టె కన్నా ముందు పూల క్యాలెండరు రాసుకోవాలి. పంచాంగంలా గోడకి తగిలించుకోవాలి. మన వైపు అది ఇలా నడుస్తుంది. వానలు తగ్గాక కొండల మీద, కొరాపుట్, రాయగడ వైపు, వలిసెలు (నూనెగింజల పైరు) పూస్తాయి. కొండంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. అది ఊళ్ళో వాళ్ళకి అందదు, కానీ ఆ ఊపుకి కొండ కింద గుంపులు కూడా బలపడతాయి. సంక్రాంతి ముందూ వెనకా జీడిమామిడి, మామిడి పూత. గజపతి, గంజాం జిల్లాల్లో, అవతల ఉద్దానంలో జీడితోటలకి లోటేముంది? మాఘ, ఫాల్గుణాల్లో తాడి, మునగ. ఆ వెనకే వేప, కానుగ. ఎండ ముదిరాక చింత, నేరేడు. ఇక మృగశిర దాటిందంటే కరువే. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం ఈగకి ఉపవాసాలు. కొబ్బరి ఒక్కటే ఏడాదంతా ఎంతో కొంత పుప్పొడి ఇస్తుంది, అందుకే కొబ్బరి ఉన్న వీధిలో ఈగ పూర్తిగా చావదు.

మీ వీధి పేదదేమీ కాదమ్మా. ఒక పెట్టెకి సరిపోతుంది. రెండు వద్దు.

ఈ వానాకాలం ఖాళీగా ఉండక పెట్టె చేయించుకోండి. సగం ఊళ్ళు అక్కడే తప్పు చేస్తాయి. మన ఈగకి వాడేది న్యూటన్ పెట్టె. న్యూటన్ అంటే ఆపిల్ న్యూటన్ కాదు, వందేళ్ళ కిందట తిరుచ్చి వైపు ఈగల మీద పనిచేసిన పాదిరీ. అందులో కిటుకంతా ఖాళీలో ఉంది. ఈగ పెర కట్టుకోవడానికి పెట్టెలో వేలాడదీసే చెక్క చట్రమే ఫ్రేము. ఫ్రేముకీ ఫ్రేముకీ, ఫ్రేముకీ గోడకీ మధ్య ఈగ నడిచేంత దారి, ఏడెనిమిది మిల్లీమీటర్లు, వదలాలి. ఎక్కువ వదిలితే అక్కడ అడ్డంగా పెర కట్టేస్తుంది. తక్కువైతే మైనంతో పూడ్చేస్తుంది. ఆ దారి సంగతి 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన గమనించాడు. ఫ్రేముల్ని పాడు చేయకుండా పైకి తీసి మళ్ళీ దింపగలుగుతున్నామంటే ఆయన పుణ్యమే. వడ్రంగికి ఇదంతా చెప్పనక్కర్లేదు, ఒక మంచి ఫ్రేము నమూనా చేతిలో పెట్టండి చాలు.

సిరొంచ_గోదారి (సిరొంచ, గడ్చిరోలి) – 22 జూన్ 2023

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా అడవిలో పెద్ద చెట్లకీ బండలకీ చాటంత తేనెపట్లు వేలాడతాయి. ఒక్కో పట్టుకి బోలెడు తేనె. దాన్నే కోసి పెట్టెలో పెడితే పోలేదా, ఈ మూడు కిలోల గోల ఎందుకు?

వంశధార_గట్టు – 22 జూన్ 2023

తమ్ముడూ, అది కొండతేనె. వెలుతురులో, గాలిలో ఒకే ఒక్క పెర పెట్టే జాతి. పెట్టెలో పెడితే మర్నాడే ఉండదు. ఒకటి కుడితే వందలు వెంటపడతాయి, నీళ్ళలో దూకినా పైన తిరుగుతూనే ఉంటాయి. దాని జోలికి తెలిసినవాళ్ళే వెళ్ళాలి. పొదల్లో చిటికెన వేలంత కొమ్మ చుట్టూ చిన్న పెర పెట్టే ఈగ ఉంటుంది చూడండి, అదీ అంతే, పెట్టెకి రాదు. ఈ రెండిట్నీ అలాగే వదిలేయాలి.

జీడితోట (కాశీనగరం) – 25 జూన్ 2023

ఈగలు తగ్గిపోవడానికి సెల్ టవర్లు కారణం అని విన్నాను. మేడ పక్కన టవర్ ఉంటే లాభం లేదేమో చూసుకోండి.

పర్లాకిమిడి_మాస్టారు – 25 జూన్ 2023

టవర్ సంగతి పక్కన పెట్టండి బాబూ. మీ తోటలో పూత మీద టీ దోమకి (జీడి పూత రసం పీల్చే పురుగుకి) మందు ఏ టైములో కొడుతున్నారు?

జీడితోట – 26 జూన్ 2023

పొద్దున్నే. చల్లగా ఉంటుందని.

పర్లాకిమిడి_మాస్టారు – 26 జూన్ 2023

ఈగ తోటకొచ్చేది కూడా ఆ టైముకే. పొద్దు వాలాక కొట్టించండి. మందు ఆపమనడం లేదు, పురుగు పడితే ఏ రైతైనా కొట్టాల్సిందే. సాయంత్రం ఈగలన్నీ ఇంటికెళ్ళాక కొడితే తెల్లారేసరికి కొంత ఆరుతుంది. ముందురోజు చెప్తే పెట్టెలున్నవాళ్ళు గుమ్మానికి జాలీ బిగించుకుంటారు. 1991–92లో దక్షిణాదిలో మన నాటు ఈగ తుడిచిపెట్టుకుపోయింది. దానికి మందూ కాదు, టవరూ కాదు, థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్. పిల్లపురుగు సంచీలా ఉబ్బి గదిలోనే చచ్చిపోతుంది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది.

మేడమీద_మల్లె – 27 జూన్ 2023

కుట్టడం గురించి ఎవరూ చెప్పడం లేదు. మా అత్తగారు అడగమన్నారు.

నర్సక్క (జయపురం) – 27 జూన్ 2023

నేను చెప్తాను. ఈగ కుడితే కొండి చర్మంలో ఉండిపోతుంది, దానితో విషం సంచి కూడా. అది ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. కాబట్టి ఎలా తీస్తారన్నది కాదు, ఎంత తొందరగా తీస్తారన్నదే ముఖ్యం. గోరుతో గీకేయండి. చల్లటి నీళ్ళు, ఐసు పెట్టండి. సున్నం, కిరసనాయిలు వద్దు. వాపు ఒకట్రెండు రోజులు ఉంటే కంగారు పడొద్దు, అది మామూలే.

కానీ కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదాలు, నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగకండి. ఆస్పత్రికి పరుగెత్తండి. అక్కడ అడ్రినలిన్ ఇంజక్షన్ ఇస్తారు. మన ఇళ్ళల్లో "ఈగే కదా" అని కూర్చోబెడతారు, అదే ప్రమాదం. ఇంట్లో ఎవరికైనా ఇంతకు ముందు అలా అయ్యుంటే ఈ సరదా మానుకోండి. ఇంకొకటి, ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకండి. పురిటి తేనె మన ఆచారమే, తెలుసు. అయినా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో విషం తయారు చేస్తుంది.

కుట్టించుకున్నోడు – 28 జూన్ 2023

అక్క చెప్పిందానికి నా వంతు చేర్పు. కుట్టగానే పండిన అరటిపండు వాసన వస్తుంది. అది మిగతా ఈగలకి "ఇక్కడే, ఇక్కడే కుట్టండి" అని పిలుపు. ఆ చోట పొగ పట్టించాలి, లేదా కడుక్కోవాలి. నేను అదేమీ తెలియక అరటిపండు తింటూ మూత తీశాను. ఈ పేరు ఊరికే రాలేదు.

మేడమీద_మల్లె – 21 ఆగస్టు 2023

పెట్టె వచ్చింది! మాస్టారు చెప్పినట్టు వడ్రంగి దగ్గరికి వెళ్ళలేదు, ఇక్కడ ఒకాయన తయారుగా అమ్ముతుంటే కొనేశాను. కానీ ఫ్రేములు దింపితే రెండు వైపులా వేలు దూరుతోంది. ఇది మామూలేనా?

వంశధార_గట్టు – 21 ఆగస్టు 2023

వేలు దూరితే ఈగ అక్కడ ఇంకో ఇల్లు కడుతుంది. అతను ఇటాలియన్ పెట్టెలో నాటు ఫ్రేములు వేసి అంటగట్టాడు. వెనక్కి ఇచ్చేయండి. తీసుకోకపోతే దాన్ని చెప్పుల స్టాండు చేసుకోండి. నవ్వడం లేదమ్మా, నా మొదటి పెట్టె ఇప్పటికీ మా వరండాలో చెప్పులతోనే ఉంది.

మేడమీద_మల్లె – 30 ఆగస్టు 2023

తీసుకోలేదు. చెప్పులు సర్దేశాం.

పర్లాకిమిడి_మాస్టారు – 31 ఆగస్టు 2023

పోనీలెండి. ఈసారి మా ఊరి వడ్రంగి చేత చేయిస్తాను. టేకు అక్కర్లేదు, వాసన రాని ఏ కర్రయినా సరే. లోపల రంగు వేయకూడదు. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి. చీమ పెట్టెలోకి దారి కనుక్కుందంటే మన ఈగ పోట్లాడదు, ఇల్లు ఖాళీ చేసి పోతుంది. గిన్నెల్లో నీళ్ళు ఆరిపోతున్నాయో లేదో మీరు రోజూ చూడాల్సింది అదొక్కటే.

శిక్షణ కావాలంటే కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. మా జిల్లాది ఆర్. ఉదయగిరిలో ఉంది, రాయగడ జిల్లాది గుణుపురంలో, కొరాపుట్‌ది సెమిలిగుడలో. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పరిశోధన జరుగుతోంది. ఖాదీ కమిషన్ వాళ్ళు 2017 నుంచి హనీ మిషన్ కింద పెట్టెలు ఇస్తున్నారు, అది జీవనోపాధి కోసం, మీలాంటి సరదావాళ్ళకి కాదు. అయినా వెళ్ళి ఒకసారి తెరిచిన పెట్టెని కళ్ళారా చూడండి. మేం ఎంత రాసినా ఆ పది నిమిషాలకి సరిరాదు.

మేడమీద_మల్లె – 19 నవంబరు 2023

చాలా రోజులైంది రాసి. ఈగలు వచ్చాయి! వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా చిన్నాన్నగారి పాత ఇల్లు పడగొడుతున్నారు. కరెంటు మీటరు పెట్టె వెనక గోడలో పుట్టతేనె ఉందని, మంట పెట్టేస్తామని కూలీలు అన్నారు. వెంటనే గుణుపురం అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. ఆయన పూరీ బండి పట్టుకొని వచ్చేశారు. సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టాం. స్మోకర్‌లో కొబ్బరి పీచు వెలిగించి రెండే రెండు దమ్ములు పొగ పట్టారు. పొగ తగిలితే ఈగలు ఇల్లు తగలబడుతోందనుకొని కడుపు నిండా తేనె తాగేస్తాయట, కడుపు నిండినవి అంతగా కుట్టవట. ఇంకా ఆ అరటిపండు వాసన కూడా పొగలో తెలియదట.

ఇటుకలు ఒక్కొక్కటే తీస్తే లోపల ఆరు పెరలు. తేనె ఉన్న పై భాగం కోసి పక్కన పెట్టారు. గుడ్లూ పిల్లలూ ఉన్న భాగాన్ని ఫ్రేములో ఇమిడేలా కోసి అరటి నారతో కట్టారు. దారం కన్నా నార మంచిది, పెర అతుక్కున్నాక దాన్ని ఈగలే కొరికి బయట పడేస్తాయి. రాణి ఈగ మూడో పెర అంచున కనిపించింది. పొడుగ్గా, ముదురు రంగులో, ఎవరినీ పట్టించుకోకుండా నడుచుకుంటూ పోతోంది. దాన్ని పెట్టెలోకి పంపాక మిగతా ఈగలు పెళ్ళివారి బస్సెక్కినట్టు వాటంతట అవే లోపలికి నడిచాయి. చీకటి పడ్డాక గుమ్మానికి క్వీన్ గేట్ బిగించి మేడ మీద పెట్టాం. దాని సందుల్లోంచి కూలీ ఈగ పడుతుంది, రాణి పట్టదు.

నన్ను రెండు కుట్టాయి. మా ఆయన్ని దూరంగా నిలబడినందుకు నాలుగు.

వంశధార_గట్టు – 19 నవంబరు 2023

బాగా చేశారు. ఇప్పుడు నా మాట ఒక్కటి వినండి. తూర్పు ముఖంగా పెట్టాం, పైన రేకు నీడ ఉంది, ఇంకేమీ చేయకండి. వారం దాకా మూత తీయొద్దు. వారం తర్వాత గేటు తీసేయండి. రాత్రిపూట అర గ్లాసు పంచదార పాకం, సమానం పంచదార సమానం నీళ్ళు, లోపల పెట్టండి. పగలు వద్దు. ఒక్క చుక్క బయట ఒలకొద్దు.

మేడమీద_మల్లె – 9 డిసెంబరు 2023

ఈగలు లేచిపోయాయి.

కుట్టించుకున్నోడు – 9 డిసెంబరు 2023

అయ్యో. నోటిఫికేషన్‌లో ఆ ఒక్క ముక్కే చూసి మా ఆవిడ "ఎవరు లేచిపోయారు, ఎవరితో?" అని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమైందండీ?

మేడమీద_మల్లె – 9 డిసెంబరు 2023

నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. నిన్న పదకొండింటికి గుయ్యిమని హోరు. పెట్టెలోంచి మొత్తం గుంపు పైకి లేచి, మేడ మీద రెండు చుట్లు తిరిగి, రైలు కట్ట వైపు వెళ్ళిపోయింది. లోపల ఖాళీ పెరలు. ఒక్క తేనె చుక్క లేదు. మిచాంగ్ తుఫాను వానల వల్లా?

వంశధార_గట్టు – 9 డిసెంబరు 2023

వాన మీద తోసేయకండి. నిజం చెప్పండి, ఎన్నిసార్లు మూత తీశారు?

మేడమీద_మల్లె – 10 డిసెంబరు 2023

రోజూ. ఒక్కోరోజు రెండుసార్లు. చుట్టాలొచ్చినప్పుడు చూపించాను. వీడియో కూడా తీశాం. వానలో బయటికి వెళ్ళలేవు కదా అని పగలే పాకం పోశాను, కొంచెం ఒలికింది, చీమలు పట్టాయి. గిన్నెల్లో గోనె కొస వేలాడుతోందని నేను చూసుకోలేదు, దాని మీంచి ఎక్కాయి.

వంశధార_గట్టు – 10 డిసెంబరు 2023

అదీ సంగతి. మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. తిత్లీ తుఫాను, 2018 అక్టోబరు, గుర్తుందిగా. మాకు అప్పుడు మూడు పెట్టెలు. రెండు గాలికి ఎగిరిపోయాయి. మూడోది నిలబడింది. చుట్టూ చెట్లు లేవు, పువ్వు లేదు, నేను జాలిపడి గంటకోసారి తెరిచి చూసేవాణ్ణి. తుఫానుకి నిలబడిన గుంపు నా జాలికి నిలబడలేదు.

మన ఈగ స్వభావం అది. ఇటాలియన్ ఈగ ఉన్నచోటే చచ్చిపోతుంది కానీ వదలదు. మనది ఇల్లు బాగోలేదంటే మూటాముల్లె సర్దుకొని పోతుంది. పోయే ముందు గుర్తులు ఉంటాయి. రాణి గుడ్లు ఆపేస్తుంది, పిల్లల గదులు ఖాళీ అవుతాయి, ఉన్న తేనె దారి బత్తెంగా తాగేస్తాయి. పిల్లలుంటే మాత్రం అంత తేలిగ్గా వదలవు.

అవి చచ్చిపోలేదమ్మా. రైలు కట్ట చింత తొర్రలో ఉండి ఉంటాయి. మీ పెరలు పారేయకుండా, పాతబడిన వాటిలో ఒక్కటి పెట్టెలో ఉంచండి. మిగతావి కరిగించి మైనం తీయండి, ఊరికే ఉంచితే మైనపు పురుగు పట్టి సాలెగూడులా చేస్తుంది. పెట్టె లోపల ఆ మైనం రుద్దండి, నిమ్మగడ్డి ఆకు నలిపి గుమ్మం దగ్గర పూయండి. అదే చోట వదిలేయండి. సంక్రాంతి తర్వాత గుంపులు విడిపోయే కాలం.

జీడితోట – 12 డిసెంబరు 2023

ఈ ఏడు పూతకి సాయంత్రం కొట్టమని మావాళ్ళకి చెప్పాను. కూలీ కాస్త ఎక్కువ అడిగారు. ఇచ్చాను. ఇక్కడ చెప్పాలనిపించింది.

మేడమీద_మల్లె – 21 జనవరి 2024

ఎవరూ నమ్మరు. నిన్న మధ్యాహ్నం మా అత్తగారు వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కి కిందకి పరుగెత్తుకొచ్చారు. ఆకాశంలో ఈగల సుడి. పదిహేను నిమిషాల్లో మొత్తం పెట్టెలోకి దిగిపోయాయి. మూడు రోజుల ముందు నుంచీ ఐదారు ఈగలు వచ్చి గుమ్మం దగ్గర తొంగిచూసి పోతుంటే అద్దెకి చూసుకునేవాళ్ళలా ఉన్నాయే అనుకున్నాను. నిజంగా అదేనట!

మూత తీయలేదు. ఒట్టు.

పర్లాకిమిడి_మాస్టారు – 21 జనవరి 2024

పెట్టిన ముహూర్తం కన్నా వచ్చిన ముహూర్తం మంచిదమ్మా. పిలవకుండా వచ్చిన గుంపు నచ్చే వచ్చింది కాబట్టి నిలుస్తుంది. గుమ్మం దగ్గర కూర్చొని చూడండి చాలు, తెరవకుండానే చాలా తెలుస్తుంది. కాళ్ళకి పుప్పొడి ముద్దలతో వస్తున్నాయంటే లోపల పిల్లలున్నట్టు. గుమ్మంలో నిలబడి రెక్కలాడిస్తున్నాయంటే లోపల ఉక్కగా ఉన్నట్టు. మన నాటు ఈగ తల బయటికి పెట్టి విసురుతుంది, ఇటాలియన్ తల లోపలికి పెట్టి విసురుతుంది. ఎందుకో గానీ నాకు ఆ తేడా చూడటం సరదా.

ఎండలు మొదలవుతాయి. పక్కన వెడల్పాటి మట్టి మూకుట్లో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టండి. లేకపోతే మీ మావుసీ కుళాయి దగ్గర చేరతాయి.

మేడమీద_మల్లె – 25 ఫిబ్రవరి 2024

మావుసీ కుళాయి కాదు, మావుసీ బట్టలు. తెల్ల చీర మీద పసుపు చుక్కలు పడుతున్నాయని నిన్న పెద్ద గొడవ. "తొమొ మహుమాఛి" (మీ తేనెటీగలు) అని మొదలుపెట్టి అరగంట.

వంశధార_గట్టు – 25 ఫిబ్రవరి 2024

అవి ఈగల రెట్టలు. పెట్టెలో మైల చేయవు, బయటికొచ్చి ఎగురుతూ వదులుతాయి. గుమ్మం ముందు నాలుగడుగుల దూరంలో ఈగ దారికి అడ్డంగా పాత చీరో, తీగ పందిరో కట్టండి. దాన్ని దాటడానికి అవి పైకి లేచి ఎత్తులో పోతాయి. అయినా బట్టలు ఆరేసే టైము మీరే అడిగి తెలుసుకోండి. తేనె తీసినప్పుడు మొదటి సీసా అక్కడికే వెళ్ళాలి, చెప్పక్కర్లేదుగా.

సిరొంచ_గోదారి – 26 ఫిబ్రవరి 2024

తేనె అంటే గుర్తొచ్చింది. అసలుదో నకిలీదో గోరు మీద చుక్క వేసి చూస్తే తెలుస్తుందా? గడ్డకడితే పంచదార కలిపినట్టేనా?

పర్లాకిమిడి_మాస్టారు – 26 ఫిబ్రవరి 2024

గోరు, నీళ్ళ గ్లాసు, అగ్గిపుల్ల, ఇవన్నీ చిక్కదనం చెప్తాయి అంతే. చిక్కటి పాకం కూడా అన్నిట్లో పాసవుతుంది. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు, ఆవపూల తేనె తొందరగా గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో సీసా నిలబెడితే కరుగుతుంది. తేనెలో నీరు నూటికి ఇరవై పాళ్ళు దాటకూడదన్నది మన ప్రభుత్వ ప్రమాణం. దాటితే పులుస్తుంది. ఈగలు తేనె ఆరబెట్టాకే గదికి మైనం మూత వేస్తాయి, అందుకే మూత పడిన పెరే తీయాలి. అదీ పైఅర లోంచే. కింద పిల్లల అర వాటి ఇల్లు, దాన్ని ముట్టుకోకూడదు.

మేడమీద_మల్లె – 17 మార్చి 2024

టెన్షన్‌గా ఉంది, ఎవరైనా వెంటనే చూడండి. మూడు వారాల తర్వాత ఇవాళే మూత తీశాను. పెరలు ఏడు అయ్యాయి, ఈగలు కిక్కిరిసి ఉన్నాయి. కానీ కింది అంచున కొన్ని గదుల మూతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, ఒక్కోదానికి నడిమధ్యలో సూది గుచ్చినట్టు చిల్లు. ఇది ఆ వైరస్సేనా? గుమ్మడి పిందెలు ఇప్పుడే నిలుస్తున్నాయి, ఈ గుంపు కూడా పోతే నేను తట్టుకోలేను.

వంశధార_గట్టు – 17 మార్చి 2024

ఊపిరి పీల్చుకోండి. రోగం కాదు. అవి పోతుటీగల గదులు. మన నాటు ఈగలో పోతుల గది మూతకి ఆ చిల్లు పుట్టుకతోనే ఉంటుంది, ఇటాలియన్‌కి ఉండదు.

కానీ ఒకటి చూడాలి. అదే అంచున వేరుశనగకాయలా కిందకి వేలాడే గదులు ఉన్నాయా?

మేడమీద_మల్లె – 17 మార్చి 2024

మళ్ళీ తీయాలా? తీయొద్దన్నారు కదా!

ఫోటోలో చూశాను. రెండు ఉన్నాయి. ఒకటి కొస మూసుకుపోయింది.

వంశధార_గట్టు – 17 మార్చి 2024

అవి కొత్త రాణుల గదులు. ఇల్లు చాలడం లేదు. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పదహారు రోజులకి రాణి బయటికొస్తుంది. గది మూసుకుపోయిందంటే సగం రోజులు అయిపోయినట్టే. ఎండ బాగున్న రోజు చూసుకొని పాత రాణి సగం గుంపుని తీసుకొని వెళ్ళిపోతుంది. ఈసారి లేచిపోవడం కాదు, కాపురం విడిపడటం. ఆలోపు మనమే విడదీయాలి. పాత రాణితో మూడు పెరలు కొత్త పెట్టెలోకి, రాణి గదులున్న పెరలు పాతదాంట్లోనే. కొత్త రాణి జతకట్టడానికి బయటికి ఎగరాలి కాబట్టి గేటు పెట్టకూడదు. నేను బుధవారం బండికి వస్తాను. పెట్టె ఉందా?

మేడమీద_మల్లె – 17 మార్చి 2024

చెప్పులది ఉంది.

పర్లాకిమిడి_మాస్టారు – 17 మార్చి 2024

వద్దు తల్లీ. మా వడ్రంగి కూతురి పెళ్ళిపనుల్లో ఉన్నాడు. మీ ఊళ్ళోనే ఎవరినైనా పట్టుకోండి, రెండు రోజుల పని.

మేడమీద_మల్లె – 18 మార్చి 2024

దొరికాడు. రథాల వీధి వెనక తలుపులు చేసే తాత. ఒడియాలో అంతా వివరించబోతే "ముందు చూపించు" అన్నాడు. ఖాళీ ఫ్రేము ఒకటి గుడ్డలో చుట్టి సంచీలో వేసుకొని, స్కేలు పట్టుకొని బయల్దేరుతున్నాను. అత్తగారు కూడా వస్తానంటున్నారు, ఆ ఏడెనిమిది మిల్లీమీటర్ల సంగతి తాతకి ఆవిడే చెప్తారట.